పది మడతల సీటు

మధ్యాహ్నం ఒంటిగంట అయ్యేసరికి ఒమన్‌లోని సోహార్ సనాయ్యలో షట్టర్లు ఒకదాని వెనక ఒకటి సగానికి దిగుతాయి. టైర్ల కొట్టు, ఏసీలు బాగుచేసే కొట్టు, సొట్టలు తీసే కొట్టు, అన్నీ. నాలుగింటి దాకా ఆ గ్యారేజీల వాడంతా నిద్రే. మనుషులు రూముల్లో ఏసీ కింద పడి నిద్రపోతారు. అందరూ అర్బాబ్ అని పిలిచే యజమాని గ్యారేజీలో పాత కార్లు కూడా నిద్రపోతాయి.

నిద్రలో అవి తమ మొదటి రోజుకి వెళ్ళిపోతాయి. తుప్పుపట్టిన డోరు నున్నగా మెరుస్తుంది. ఎలుకలు కొరికిన సీటు నిండుగా ఉబ్బుతుంది. మధ్యలో ఎవరో పూయించిన నీలం కరిగిపోయి, ఫ్యాక్టరీ వేసిన ఎరుపు పైకి తేలుతుంది. నాలుగింటికి ఎదురు కొట్టువాడు కంప్రెసర్ వేయగానే ఉలిక్కిపడి లేస్తాయి. లేచాక మళ్ళీ అదే తుప్పు, అదే చిరుగు. పాత బండ్లకి అదొక అలవాటు. మనుషులు కొందరు గురకపెట్టరూ, అలాగే.

అలా నిద్రపోతున్న బండిలో వేరే ఏదైనా ఉంటే అదీ బండితోపాటే పోతుంది. ఒకసారి గ్యారేజీ పిల్లి వెనకసీట్లో పడుకుని మూడు గంటలు కళ్ళు తెరవని కూన అయిపోయింది. నాలుగింటికి లేచి, ఏమీ జరగనట్టు ఒళ్ళు విరుచుకుని, పెద్దపిల్లిగా వెళ్ళిపోయింది. మెకానిక్ కమ్రాన్ తన స్విస్ గడియారం మరిచిపోతే, దాని మీదున్న పెద్ద కంపెనీ పేరు చెరిగిపోయింది. ఆ పేరు నాలుగింటికి కూడా తిరిగి రాలేదు. "నీకు దాన్ని అమ్మినవాడెవడో గానీ వాడికి సలాం" అని అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు.

యాదవ్వకి ఆ మూడు గంటలే అసలు డ్యూటీ. మెడలో ఇంచీటేపు, ఒళ్ళో తెల్లగుడ్డ పట్టీ పెట్టుకుని, నిద్రపోతున్న బండి పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుంటుంది. ఆమెకు అక్షరాలు రావు. టేపు మీది అంకెలు వచ్చు. అందుకని రాసుకోవలసినదంతా కుట్టుకుంటుంది. అంగుళానికి ఏడు కుట్లయితే పట్టీ మీద ఏడు కుట్లు. అంచున తెల్ల పైపింగ్ ఉంటే ఒక తెల్లదారం. డోరు అట్టకి జేబు ఉంటే చిన్న జేబే కుడుతుంది. ఒక్కో బండికి ఒక్కో పట్టీ. గోడమీద మేకులకి నలభై పైనే వేలాడుతుంటాయి.

బండి లోపలి సీట్లు, డోరు అట్టలు, పైకప్పు గుడ్డ, అంచు పట్టీలు, వెండిగీతలు, అన్నిటినీ కలిపి గ్యారేజీలో ట్రిమ్ అంటారు. ఈ ట్రిమ్ పెద్ద మాయదారిది. ఒకే పేరున్న బండికి ఒక ఏడు సీటు మీద పది నిలువు మడతలు వేస్తారు, మరుసటి ఏడు ఎనిమిదే వేస్తారు. ఒక ఏడు తోలు, ఒక ఏడు రెగ్జిన్. యాభై ఏళ్ళ తర్వాత ఎక్కడో ఒకాయన భూతద్దం పట్టుకుని వచ్చి, మడతలు లెక్కపెట్టి, ఇది అసలు, ఇది అతుకు అని తేలుస్తాడు.

ఆ వేసవిలో గ్యారేజీలో ఉన్నది ఇంగ్లండులో తయారైన చిన్న ఎర్రకారు. రెండే సీట్లు, మడిచే గుడ్డ కప్పు. అర్బాబ్ వాళ్ళ నాన్న కువైట్‌లో పనిచేసిన రోజుల్లో కొన్నది. వచ్చే చలికాలం మస్కట్‌లో పాతకార్ల ప్రదర్శనలో దాన్ని నిలబెట్టాలని అర్బాబ్ కోరిక.

దాని పక్కన కూర్చున్న యాదవ్వ ఆ మధ్యాహ్నం నాలుగోసారి లేచింది. షట్టరు దాకా పోయింది. బయట జూలై ఎండ, సముద్రం మీంచి వచ్చే జిడ్డు ఉక్క. మళ్ళీ వచ్చి కూర్చుంది. మళ్ళీ లేచింది.

"అలా తిరుగుతున్నారేంటక్కా, కాలు కాలిన పిల్లిలాగ" అన్నాడు దేవదాసు. కాకినాడ వైపు మనిషి. కార్లకి రంగులు వేస్తాడు, ఇంగ్లీషు వచ్చు కాబట్టి ఫ్యాక్టరీ పుస్తకాలు చూసేదీ అతనే. వయసు యాభై ఆరు. గ్యారేజీలో అతనికంటే పెద్దది యాదవ్వ ఒక్కతే గనక, ఇరవై ఏళ్ళుగా ఆమెని అక్కా అంటాడు.

"కూసుంటే కూసోబుద్ధయితలేదు తమ్మీ. పది మడతలున్నయి. మూడుసార్లు లెక్కవెట్టిన."

"ఎనిమిది ఉండాలండి. బండి కాగితం డెబ్భై నాలుగు. పుస్తకంలో డెబ్భై నాలుగుకి ఎనిమిది మడతలు, నల్ల పైపింగు. బొమ్మతో సహా ఉంది, చూడండి."

"నీ బొమ్మ నువ్వే జూస్కో. నేను బండిని జూస్తున్న. పది మడతలు, తెల్ల పైపింగు."

"పది మడతలంటే డెబ్భై మూడుదండి. మనం పది కుట్టామనుకోండి, ప్రదర్శనలో బండ్లు పరీక్షించే దొర కాగితం చూస్తాడు, సీటు చూస్తాడు, ఇదేదో వేరే బండి సీటు తెచ్చి అతికించారంటాడు. పరువు పోద్ది. కాగితం ఎందుకు అబద్ధం చెప్తుందక్కా?"

"చెప్తది." ఆమె గొంతు పెద్దదయ్యింది. "కాగితం అబద్ధం జెప్పకపోతే ఇంకెవరు జెప్తరు? నీకేం ఎర్క!"

దేవదాసు పుస్తకం మూశాడు. సీటు మడతల గురించి ఇంత కోపమా అనుకున్నాడు.

కోపం సీటు మీద కాదు. ముందురోజు ఇర్షాద్ వచ్చి వెళ్ళాడు. కంపెనీవాళ్ళ వీసాలు, కార్డులు చూసే మనిషి. ఫైలు తెరిచి, "యాదవ్వ, జూలై ఒకటికి అరవై నిండాయి. అరవై దాటినవాళ్ళకి గ్యారేజీలో ఇన్సూరెన్సు ఇవ్వరట. అర్బాబ్ రెండుసార్లు అడిగి చూశాడు, కుదరలేదు. నెలాఖరుకి వీసా క్యాన్సిల్" అని చెప్పాడు. చెడ్డవాడేమీ కాదు, చెప్పేటప్పుడు ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

యాదవ్వకి అరవై లేవు. మెట్‌పల్లి దగ్గర ఆమె ఊరు. ఊరికి మొదటిసారి కరెంటు వచ్చిన ఏడాది పుట్టింది, డెబ్భై అయిదులో. ఇరవై రెండేళ్ళప్పుడు, పెనిమిటి పోయి ఏడాదయినాక, బీడీల చాట పక్కనపెట్టి ఒమన్ పోతానంది. ముప్పై నిండనివాళ్ళకి ఇంటిపని వీసా ఇయ్యరని ఏజెంటు పాస్‌పోర్టులో పదేళ్ళు పెంచి రాయించాడు. తేదీ తెలియనివాళ్ళందరికీ జూలై ఒకటే వేయించేవాడు. ఆ రోజు విమానంలో పదకొండుమంది ఆడవాళ్ళు, పదకొండుమందిదీ ఒకటే పుట్టినరోజు.

వచ్చింది అర్బాబ్ వాళ్ళ అమ్మ ఇంట్లో పనికి. కాగితం మీద ముప్పై రెండు కాబట్టి ముప్పై రెండేళ్ళ మనిషిలాగే నడుచుకోవాలి, లేకపోతే ఎవరికైనా అనుమానం వస్తుంది. బూడిదరంగు చీరలు కట్టింది. మోకాళ్ళు నొప్పులని అబద్ధమాడింది. ఇరవై ఎనిమిదేళ్ళకే, పెద్దమ్మని పిలిచినట్టు, ఖాలా అనిపించుకుంది. ఆ ఇంట్లో సోఫాలకి, కర్టెన్లకి కుట్టిన కుట్టు చూసి, పెద్దావిడ పోయాక అర్బాబ్ ఆమెని గ్యారేజీకి తెచ్చాడు. అలా ఇరవై ఏళ్ళు. నిజం చెప్పుకుందామంటే, తప్పుడు కాగితం మీద వచ్చానని తన నోటితో తానే ఒప్పుకున్నట్టవుతుంది. పంపేస్తారు సరే, ఇంకేం చేస్తారో తెలియదు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

పొద్దున చెల్లెలు నవీన ఫోన్లో సంబరపడింది. "రా అక్కా, ఇంక చాలు. ఇద్దరం అరుగు మీద కూసొని ముచ్చట్లు చెప్పుకుంట బీడీలు జేద్దాం."

యాదవ్వ ఊ అంది. బీడీ చుట్టడం చేతులు మరిచిపోయి ఉంటాయి. ఈ చేతులకి ఇప్పుడు వచ్చింది వేరు. చీకట్లో తడిమి, ఇది గుర్రపు వెంట్రుకలు కూరిన సీటు, ఇది స్పాంజి సీటు అని చెప్పగలదు. మెట్‌పల్లి పక్క ఊర్లో ఆ మాట ఎవరికి చెప్పాలి?

నాలుగింటికి కంప్రెసర్ మోగింది. ఎర్రకారు ఉలిక్కిపడి లేచి ముసలిదైపోయింది. కాసేపటికి అర్బాబ్ వచ్చాడు. ఒంటిమీద పొడుగాటి తెల్ల దిష్‌దాషా, చేతిలో సులేమానీ టీ గ్లాసు. వాళ్ళ ముగ్గురి మధ్యా నడిచేది హిందీ, అరబ్బీ, చేతులూ కలిసిన భాష.

దేవదాసు పుస్తకం చూపించాడు. యాదవ్వ పట్టీ చూపించింది. అర్బాబ్ పుస్తకం వైపు ఒకసారి చూసి, పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. పది మడతల మీద వేలు నడిపించాడు.

"మా నాన్న ఒక మాట చెప్పేవాడు. ఇది ఓడ దిగి, కువైట్‌లో ఆ షోరూమువాడి దొడ్లో ఏడాది పడి ఉందట. రెండు సీట్ల బండి మాకెందుకని ఎవరూ కొనలేదు. నాన్న రోజూ ఆ దారిన పోతూ దాన్ని చూసి జాలిపడి కొన్నాడు. అమ్మిన రోజునే వాళ్ళు కాగితం రాశారు." గ్లాసు కింద పెట్టాడు. "కొన్న రోజు కాగితంలో ఉంది. పుట్టిన రోజు కుట్టులో ఉంది. బండి చెప్పినట్టే కుట్టు, ఖాలా. ఆ దొరతో నేను మాట్లాడుకుంటాను."

"పదేనా?" అన్నాడు దేవదాసు.

"పదే." అర్బాబ్ వెళ్ళబోతూ ఆగాడు. "నువ్వు పోయేలోగా అయిపోతుందా, ఖాలా?"

యాదవ్వ నోరు తెరిచింది. అంతా నాలుక చివరికి వచ్చింది. బండి కాగితం ఒక ఏడాది తప్పయితే జాలిపడ్డావు, మనిషి కాగితం పదేళ్ళు తప్పని చెప్తే ఏమంటావు? మెడలో ఇంచీటేపు సర్దుకుంది.

"అయితది అర్బాబ్" అంది.

తర్వాత పదిరోజులు ఆమె కుదురుగా అన్నం తిన్నది లేదు. పొద్దున కుట్టడం, మధ్యాహ్నం చూడడం, సాయంత్రం కుట్టింది విప్పడం. నాలుగో మడత అరసూది మందం వంకర పోయిందని మొత్తం విప్పేసింది. "అది ఎవడికీ కనపడదక్కా" అని దేవదాసు మొత్తుకున్నాడు. "నాకు కనవడ్డది గద" అంది. ఆమె కాళ్ళ చప్పుడుకి గ్యారేజీ పిల్లి కూడా పక్క కొట్టుకి మకాం మార్చింది. ఎడమసీటు పూర్తయింది. కుడిసీటుకి ఒక్క మడత మిగిలింది.

ఆ రోజు పన్నెండున్నరకి ఇర్షాద్ వచ్చి, పాస్‌పోర్టు ఆమె చేతిలో పెట్టాడు. "ఇంతకాలం ఆఫీసులో ఉంది, నీది నీకు ఇవ్వాలి గదా. ఫొటోలు రెండు పెట్టి ఉంచు. నాలుగున్నరకి వచ్చి తీసుకుంటాను. ఈరోజే క్యాన్సిల్ చేయించేద్దాం. ఎల్లుండికి టికెట్ చూశాను."

"ఎల్లుండా?"

"నెలాఖరు అయిపోయింది ఖాలా. నేనేం చేయను?"

ఒంటిగంట అయ్యింది. షట్టర్లు దిగాయి. ఇంజనుగదిలో ఏదో టక్కుమని సర్దుకుని, ఎర్రకారు నిద్రలోకి జారింది. మెల్లగా రంగు తేలింది. వెండిగీత మెరిసింది. యాదవ్వ స్టూలు మీద కూర్చుని పాస్‌పోర్టు తెరిచింది. అక్షరాలు తెలియవు, అంకెలు తెలుసు. 01, 07, 1965. ఆ అరవై అయిదుని తన కార్డు మీద ఎన్నిసార్లు చూసిందో. అది చూసినప్పుడల్లా ఎవరిదో చెప్పు తొడుక్కున్నట్టు ఉంటుంది.

ఒక్కసారి అసలుది చూసుకోవాలనిపించింది. అంతకంటే ఏమీ లేదు. పిల్లి కూన అయి మళ్ళీ పిల్లి అయింది గదా, ఇది కూడా నాలుగింటికి మళ్ళీ అరవై అయిదే అవుతుంది. కానీ, ఆ మూడు గంటలు తన ఏడు కాగితం మీద ఉండగా తను చూస్తుంది. పోయేముందు ఒక్కసారి.

డ్యాష్‌బోర్డు అర తెరిచి, పాస్‌పోర్టు లోపల పెట్టి, మూసింది.

తలుపు తెరిచే ఉంది. సీటు పది మడతలతో, తోలు వాసనతో, రా కూర్చో అన్నట్టుంది. కూర్చుంటే ఏమవుతుందో ఆమెకి తెలుసు. మోకాళ్ళు తేలికవుతాయి, జడ నల్లబడుతుంది, ఇంకా కూర్చుంటే పాకే పిల్ల అవుతుందేమో. చేతివేళ్ళు చూసుకుంది. సూది గుచ్చుకుని గట్టిపడిన చివరలు, కత్తెర పట్టి కాయకాచిన బొటనవేలు. ఈ ఏళ్ళు దొంగవి కావు. ఒక్కటీ ఇవ్వబుద్ధి కాలేదు. తలుపు మెల్లగా వేసేసింది.

వేశాక ఇక నిలవలేకపోయింది. షట్టరు దాకా, గోడ దాకా, పట్టీల దాకా. దేవదాసు నిద్రలేని కళ్ళతో రూములోంచి వచ్చాడు.

"అక్కా, మీరు తిరుగుతుంటే పక్క రూములో నాకు నిద్రెలా పడుతుందండి? ఏం పెట్టారు బండిలో?"

"ఏం లేదు."

"ఏం లేదంటే ఏదో ఉన్నట్టే." అర తెరిచి చూశాడు. పాస్‌పోర్టు తీయకుండానే పేజీ తిప్పాడు. వంగి మళ్ళీ చూశాడు.

"తమ్మీ, ఏముంది? సదువు."

"పంతొమ్మిది. పదకొండు. డెబ్భై అయిదు."

యాదవ్వ స్టూలు వెతుక్కుని కూర్చుంది. డెబ్భై అయిదు ఆమెకి తెలిసిందే. ఆ మిగతా రెండు అంకెలు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. అవ్వకి గుర్తు లేదు, నాయినకి లెక్క లేదు.

"పదకొండో నెలంటే?"

"నవంబరండి. కార్తీకం అటూ ఇటూ."

"వరి కోతల్ల పుట్టినవని మా అవ్వ అనేది" అంది. "పంతొమ్మిది... పంతొమ్మిదో తారీకు." రెండుసార్లు అనుకుంది. తర్వాత, ఎవరికీ చెప్పనిదంతా అతనికి చెప్పింది. ఏజెంటు, పదకొండుమంది, బూడిదరంగు చీరలు, లేని మోకాళ్ళ నొప్పి.

దేవదాసు నేలమీద కూర్చుని విన్నాడు. "ఇన్నాళ్ళూ ఒక్కమాట అనలేదే."

"అంటే ఏం జేస్తుండె? నాలుగింటికి ఎట్లాగూ మళ్ళ అరవై అయిదే. సూస్కున్న, సాలు."

చూసుకున్నా చాలలేదు. మూడున్నరకి గడియారం చూసింది. మూడు నలభైకి చూసింది. దేవదాసు టీ తెస్తానన్నాడు, వద్దంది. నాలుగింటికి ఎదురు కొట్టువాడు కంప్రెసర్ వేశాడు. కారు ఉలిక్కిపడింది. ఎరుపు మాసిపోయింది, వెండిగీత మీద తుప్పు మచ్చలు పొడిచాయి. ఆమె కుట్టిన ఎడమసీటు మాత్రం పదిమడతలతో అలాగే ఉంది. అది ఈ నెలలో పుట్టింది.

యాదవ్వ అర తెరిచి, పాస్‌పోర్టు తీసి, ఇంచీటేపు అంకెలు చూసేటప్పటిలా కళ్ళకి దగ్గరగా పట్టుకుని, ఒక్కో అంకె మీదా వేలు పెట్టింది. ఒకటి, తొమ్మిది. ఒకటి, ఒకటి. ఒకటి, తొమ్మిది, ఏడు, అయిదు.

"తమ్మీ, ఇది లేవలే. ఇంక నిద్రలనే ఉన్నది."

దేవదాసు చూశాడు. వెలుతురులోకి తీసుకుపోయి చూశాడు. బొటనవేలితో రుద్దాడు.

"కమ్రాన్ గడియారం" అన్నాడు మెల్లగా.

"ఏమన్నవు?"

"ఆ పేరు కూడా తిరిగి రాలేదు గదండి. బండి మీద యాభై ఏళ్ళు నిజంగా నడిచాయి. పిల్లి మీద నడిచాయి. లేవగానే ఎక్కడివక్కడ వచ్చి కూర్చున్నాయి. మీ పదేళ్ళు ఎవరి మీదా నడవలేదు. ఎక్కడున్నాయని తిరిగొస్తాయి?"

నాలుగున్నరకి ఇర్షాద్ వచ్చాడు. తొందరలో ఉన్నాడు. పాస్‌పోర్టు తెరిచాడు, ఫైలు తెరిచాడు, ఇది చూసి అది చూశాడు. ఫోనులో ఏదో నొక్కి చూశాడు. నుదురు తుడుచుకున్నాడు.

"అరె, డెబ్భై అయిదా! ఇక్కడా అదే ఉంది, అక్కడా అదే ఉంది. యాభై కూడా నిండలేదు. నేను అరవై అని ఎలా లెక్కేశాను? మరి నువ్వైనా చెప్పొద్దూ? అర్బాబ్‌తో రెండుసార్లు అడిగించాను, టికెట్ చూశాను..."

"నాకు సదువు రాదు గద బిడ్డా" అంది యాదవ్వ.

"బిడ్డా ఏంటి, నాకంటే ఏడేళ్ళు పెద్ద అంతే!" తిట్టుకుంటూ ఫైలు చంకలో పెట్టుకున్నాడు. "సరే, సరే. వీసా రెన్యువల్‌కి ఇస్తాను. ఫొటోలు అవే పనికొస్తాయి." బండెక్కి వెళ్ళిపోయాడు.

గ్యారేజీలో అందరూ ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. కమ్రాన్ ఇంజను విప్పుతున్నాడు. పక్క కొట్టు నుంచి పిల్లి తిరిగి వచ్చింది. యాదవ్వ మిషను ముందు కూర్చుని కుడిసీటు తోలు సర్దుకుంది. ఇన్నిరోజుల తర్వాత కాళ్ళు ఒకచోట నిలిచాయి.

దేవదాసు వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఏంది?"

"నేను పుట్టింది అరవై తొమ్మిదిలోనండి" అన్నాడు. "అంటే మీరు నాకంటే ఆరేళ్ళు చిన్న."

"అయితే?"

"ఇరవై ఏళ్ళ నుంచి అక్కా అక్కా అంటున్నాను. ఇప్పుడేమని పిలవాలో తెలియట్లేదు."

"నేను గూడ తమ్మీ తమ్మీ అంటున్న గద. నాకు ఎర్క ఉండి కూడ." ఆమె నవ్వు ఆపుకోబోయింది, ఆగలేదు. "పేరు లేదా నాకు? ఆ కాగితంల ఒక్క పేరే మొదటి సంది నిజమున్నది."

అతను ఆ పేరు పలకడానికి ఒకసారి గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు. "సూక్‌కి పోతున్నాను" అన్నాడు చివరికి. "ఏమన్నా కావాలా... యాదవ్వా?"

ఆమె తోలు కింద సూది దించి, ఒక్క క్షణం ఆలోచించింది.

"చిలకపచ్చ చీర దొరుకుతదేమో చూడు" అంది. పదో మడత కుట్టడం మొదలుపెట్టింది.